లాపరోస్కోపీలో రక్తం కారినప్పుడు: గోదావరి డెల్టా సర్జన్లకు ఆచరణ సూచనలు

గాల్‌బ్లాడర్, అపెండిక్స్, హెర్నియా, గర్భసంచి ఆపరేషన్లను లాపరోస్కోపీ ద్వారా, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి, చేయడం ఇప్పుడు కాకినాడ, రాజమహేంద్రవరాలకే పరిమితం కాలేదు. అమలాపురం, భీమవరం, తణుకు, నరసాపురం వంటి ఊళ్లలోని చిన్న ఆస్పత్రుల్లోనూ అవి మామూలుగా జరుగుతున్నాయి. కెమెరా, పొట్టలోకి గ్యాస్ నింపే ఇన్సఫ్లేటర్, కరెంటుతో కాల్చి రక్తం ఆపే కాటరీ ఎక్కడైనా దాదాపు ఒకటే. తేడా అంతా రక్తం సంచి ఎంతసేపట్లో చేతికందుతుంది, పిలిస్తే వచ్చే రెండో సర్జన్ ఎంత దూరంలో ఉన్నాడు అన్న దగ్గరే వస్తుంది. ఈ సూచనలు అలాంటి చోట కొత్తగా స్వతంత్రంగా కత్తి పట్టిన సర్జన్లను, వారి థియేటర్ సిబ్బందిని ఉద్దేశించినవి. ఇవి చదివి చేయి తిరగదు. అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకున్న దానికి తోడుగా మాత్రమే వీటిని వాడుకోవాలి.

ఆపరేషన్‌కు ముందు

రక్తస్రావాన్ని అదుపు చేసే పని ఔట్‌పేషెంట్ గదిలోనే మొదలవుతుంది. రోగి ఏ మందులు వాడుతున్నాడో అడిగితే చాలామంది "బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల" అని ఊరుకుంటారు. మందుల డబ్బా తెప్పించి చూస్తే అందులో రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ కనబడుతుంది. గుండెకు స్టెంట్ వేసిన సంగతి వారి దృష్టిలో పాత కథ కనుక చెప్పరు. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు, వార్ఫరిన్‌ను 5 రోజుల ముందు ఆపి, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష 1.5 లేదా అంతకంటే తక్కువకు వచ్చిందని చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మందులను సాధారణంగా రెండు రోజుల ముందు ఆపితే సరిపోతుంది గాని, మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో, ముఖ్యంగా డాబిగట్రాన్ వాడేవారిలో, ఇంకా ముందుగా ఆపవలసి వస్తుంది. స్టెంట్ వేసి నెలలే అయినవారిలో ఈ మందులను మనంతట మనం ఆపకూడదు. గుండె డాక్టరుతో మాట్లాడాలి, ఆపరేషన్ ఆగగలిగినదైతే వాయిదా వేయాలి. 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను చాలా ఆపరేషన్లకు కొనసాగించవచ్చు.

వానాకాలం చివర్లో మన ప్రాంతంలో డెంగ్యూ సామాన్యం. గత వారం జ్వరం వచ్చి తగ్గిందని చెప్పిన రోగికి ప్లేట్‌లెట్లు చూడకుండా గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు తేదీ ఇవ్వవద్దు. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువ ఉంటే ఆగగలిగిన ఆపరేషన్‌ను ఆపాలి. ఏళ్ల తరబడి మద్యం తాగేవారిలో కాలేయం గట్టిపడి, పోర్టల్ సిరల్లో ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. అలాంటి పొట్టలో బొడ్డు చుట్టూ, గాల్‌బ్లాడర్ చుట్టూ ఉబ్బిన సిరలుంటాయి. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ప్లీహం పెద్దదైందన్న ఒక్క వాక్యం కనబడినా, ఆ రోగిని పెద్ద కేంద్రానికి పంపడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాతి ప్రశ్న రక్తం ఎక్కడుంది అన్నది. గ్రూపు చూసి ఉంచడం వేరు, క్రాస్‌మ్యాచ్ చేసి, అంటే ఆ సంచి రక్తం రోగికి సరిపడుతుందని పరీక్షించి, పక్కన పెట్టించడం వేరు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరిని ఇప్పటికీ పంటు మీద దాటుతాం. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరికలు ఎగరేసినప్పుడు రేవులు ఆగిపోతాయి, లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి. అలాంటి రోజున రెండు సంచుల రక్తం "కావాలంటే తెప్పిద్దాం" అన్న మాటకు అర్థం లేదు. సంచి ఆ ఊళ్లోనే ఉందని తెలిశాకే మత్తు ఇవ్వాలి.

థియేటర్‌లో చూసుకోవలసినవి చిన్నవే గాని, అసలు సమయంలో ప్రాణం మీదికి తెచ్చేవి అవే. నిండు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఇంకొకటి పక్కన ఉండాలి, ఎందుకంటే సక్షన్ ఎడతెగకుండా నడిస్తే గ్యాస్ ఊహించనంత వేగంగా అయిపోతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల లైట్ సోర్స్, మానిటర్, సక్షన్ మూడూ ఆగకుండా యూపీఎస్ మీద ఉండాలి. స్టెరైల్ వేడి సెలైన్ ఉన్న ఫ్లాస్కు లెన్స్ కడగడానికి ట్రాలీ మీదే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పొట్ట తెరిచే ట్రే ప్యాకింగ్ విప్పకపోయినా అదే గదిలో, చేతికందే చోట ఉండాలి. స్టెరిలైజేషన్ గదిలో ఉంది అన్న జవాబు పనికిరాదు.

రక్తం కనబడిన మొదటి నిమిషం

కెమెరా అన్నిటినీ పెద్దది చేసి చూపుతుంది. చిన్న కొమ్మ తెగినా తెర అంతా ఎర్రబడినట్టు కనబడి కంగారు పుడుతుంది. దానికి తోడు రక్తం వెలుతురును పీల్చుకుంటుంది కనుక, ఒక చెంచాడు నిలిచినా దృశ్యం మసకబారుతుంది. అందువల్ల మొదట చేయవలసినవి రెండు: కెమెరాను కొంచెం వెనక్కి లాగి లెన్స్ మీద చిమ్మకుండా కాపాడుకోవడం, చేతిలో అప్పటికే ఉన్న గ్రాస్పర్ (పట్టుకారు)తో ఆ చోటును ఒత్తిపట్టడం. కాల్వ గట్టుకు గండి పడినప్పుడు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా ఇసుక బస్తాలు విసిరితే ఎంత ఫలితమో, రక్తపు మడుగులోకి కాటరీ హుక్ దించితే అంతే ఫలితం.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో ఒత్తడానికి గాజ్ కూడా వెంటనే అక్కర్లేదు. గాల్‌బ్లాడర్ మెడ దగ్గరి సంచి భాగాన్ని, అంటే హార్ట్‌మన్ పౌచ్‌ను, పట్టుకున్న గ్రాస్పర్‌తోనే కారుతున్న చోటు మీదికి నెట్టి ఆపితే చాలాసార్లు రక్తం అక్కడే నిలుస్తుంది. ఈలోపు నర్సు ఎక్స్-రేలో కనబడే దారం ఉన్న గాజ్ పట్టీని చుట్టి సిద్ధం చేస్తుంది. దాన్ని 10 మిల్లీమీటర్ల పోర్టు (పొట్ట గోడలో పెట్టిన గొట్టం) గుండా దించి, నేరుగా ఆ చోటు మీద పెట్టి, గ్రాస్పర్‌తో ఒత్తి 5 నిమిషాలు ఆగాలి. గోడ గడియారం చూసి నిమిషాలు పైకి చెప్పే పని ఒక నర్సుకు అప్పగించాలి, ఎందుకంటే సర్జన్ మనసులో ఒక నిమిషం ఐదు నిమిషాల్లా గడుస్తుంది. లోపలికి వెళ్లిన ప్రతి గాజ్‌నూ బోర్డు మీద రాయాలి. గాజ్ లోపల మిగిలిపోవడం రక్తస్రావం కంటే పెద్ద కష్టాన్ని తెచ్చిపెడుతుంది.

ఆ 5 నిమిషాలు ఖాళీగా గడపవలసినవి కావు. మత్తు డాక్టరుకు జరిగిందేమిటో స్పష్టంగా చెప్పాలి. ఆయన ఇంకొక పెద్ద సూది పెట్టుకుంటారు, రక్తం తెప్పిస్తారు. లెన్స్ కడగాలి, సక్షన్ పనిచేస్తోందో చూడాలి, క్లిప్ అప్లయర్, రెండు కొనల మధ్యే కరెంటు పారే బైపోలార్ కాటరీ చేతికి తెప్పించుకోవాలి. అవసరమనిపిస్తే మొహమాటం లేకుండా ఇంకో 5 మిల్లీమీటర్ల పోర్టు వేయాలి. ఒక చేత్తో ఒత్తుతూ, ఇంకో చేత్తో సక్షన్ పట్టుకుంటే మూడో చేయి కావాలి కదా. నాలుగు రంధ్రాలకు బదులు ఐదు పడ్డాయని ఏ రోగీ బాధపడడు.

సిరనుంచి ఉబికి వచ్చే ముదురు రక్తమైతే, మత్తు డాక్టరుతో చెప్పి పొట్టలోని గ్యాస్ ఒత్తిడిని 12 నుంచి 15కో, కొద్ది నిమిషాల పాటు 20 మిల్లీమీటర్ల పాదరసం దాకానో పెంచవచ్చు. ఆ ఒత్తిడే సిరను నొక్కుతుంది. కాని పెద్ద సిర నోరు తెరుచుకుని ఉంటే గ్యాస్ అందులోకి పోయే ప్రమాదముంది. రోగి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అంకె హఠాత్తుగా పడిపోయి, బీపీ జారితే దాన్ని అనుమానించి వెంటనే గ్యాస్ వదిలేయాలి. ఇక్కడ సక్షన్ గురించి ఒక హెచ్చరిక: సక్షన్‌ను గాలిలో తిప్పితే రక్తం కంటే ముందు గ్యాస్ పోతుంది, పొట్ట కూలుతుంది, ఏమీ కనబడదు. కొనను రక్తపు మడుగులో ముంచి, కొద్దికొద్దిగా, ఆపి ఆపి లాగాలి. గడ్డలు కట్టిన రక్తం 5 మిల్లీమీటర్ల గొట్టంలో ఇరుక్కుంటుంది కనుక 10 మిల్లీమీటర్ల సక్షన్ ఒకటి ఆస్పత్రిలో ఉంచుకోవాలి.

గాజ్ తీశాక

సగం సందర్భాల్లో అనలేను గాని, చాలా సందర్భాల్లో ఈపాటికి రక్తం ఆగిపోతుంది, లేదా సన్నటి ధారగా మారి ఎక్కడినుంచో చూపిస్తుంది. గాజ్‌ను ఒక అంచు నుంచి నెమ్మదిగా లేపుతూ, పక్కనే సక్షన్ ఉంచి చూడాలి. ఎర్రగా, నాడితో పాటు చిమ్మితే ధమని. నిలకడగా ఉబికితే సిర, లేదా కాలేయపు పడక.

గాల్‌బ్లాడర్‌కు రక్తం తెచ్చే సిస్టిక్ ధమని మొదలు కనబడితే దాన్ని సన్నటి గ్రాస్పర్ కొనతో పట్టుకోవాలి. పట్టుకోగానే రక్తం ఆగితే అది సరైన పట్టు. అప్పుడు చుట్టూ కడిగి, రెండు పక్కలా క్లిప్ దవడలు కనబడేలా చూసి క్లిప్ వేయాలి. దవడల కొనలు రెండూ కనబడకుండా ఏ క్లిప్పూ మూయకూడదు. గాల్‌బ్లాడర్ మెడ దగ్గర ఈ ధమని ఉండే కాలో త్రికోణంలో గుడ్డిగా వేసిన క్లిప్ పిత్తవాహికనో, కుడి హెపాటిక్ ధమనినో పట్టేస్తుంది. కొందరిలో ఆ కుడి హెపాటిక్ ధమని మెలిక తిరిగి గాల్‌బ్లాడర్ మెడ దాకా వచ్చి, లావుపాటి సిస్టిక్ ధమనిలా భ్రమ కలిగిస్తుంది. రక్తస్రావం వల్ల చనిపోయే రోగులు చాలా తక్కువ. రక్తస్రావాన్ని తొందరపడి ఆపబోయి పిత్తవాహికను కోల్పోయి, ఏళ్ల తరబడి కామెర్లతో, జ్వరాలతో ఆస్పత్రుల చుట్టూ తిరిగేవారు మాత్రం అనుకున్నదాని కంటే ఎక్కువే. స్ట్రాస్‌బర్గ్ 1995లో వివరించిన క్రిటికల్ వ్యూ, అంటే గాల్‌బ్లాడర్‌లోకి పోయే రెండు నాళాలూ స్పష్టంగా కనబడే దృశ్యం, ముందే సాధించుకుని ఉంటే ఈ చోట రక్తం రావడమే అరుదు.

కరెంటు వాడకంలో విచక్షణ కావాలి. మోనోపోలార్ కరెంటు రోగి శరీరం గుండా ప్యాడ్ దాకా ప్రయాణిస్తుంది. హుక్ తొడుగు మీద చిన్న చిల్లున్నా, కెమెరా చూడని చోట పేగు కాలిపోవచ్చు, ఆ సంగతి మూడో రోజు గాని బయటపడకపోవచ్చు. అందుకే ప్రతి ఆపరేషన్‌కు ముందు తొడుగులను వెలుతురులో తిప్పి చూసే అలవాటు ఉండాలి. లోహపు క్లిప్‌కు మోనోపోలార్ తగలనివ్వకూడదు. క్లిప్ కింద కణజాలం చచ్చి, అది తర్వాత జారిపోతుంది. చిన్న చోట పట్టి ఆపడానికి బైపోలార్ క్షేమకరం. అల్ట్రాసోనిక్ పరికరాలు సాధారణంగా 5 మిల్లీమీటర్ల దాకా, మెరుగైన బైపోలార్ సీలర్లు 7 మిల్లీమీటర్ల దాకా రక్తనాళాలను మూస్తాయి. వాడిన వెంటనే అల్ట్రాసోనిక్ బ్లేడు సలసల కాగుతూ ఉంటుంది. దాన్ని పేగుకు ఆనించి పక్కకు తోసే పొరపాటు చాలా తేలికగా జరుగుతుంది.

కాలేయపు పడకనుంచి కారితే సాధారణంగా ఒత్తిడి, కొంచెం ఎక్కువ శక్తితో స్ప్రే కాటరీ, ఆ మీద సర్జిసెల్ లాంటి ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ పొర సరిపోతాయి. సర్జిసెల్ పెట్టి వదిలేయడం కాదు, దాని మీద గాజ్ ఒత్తి మళ్లీ నిమిషాలు లెక్కపెట్టాలి. మధ్య హెపాటిక్ సిర కొమ్మ ఒకటి కొందరిలో పడకకు ఆనుకునే పోతుంది. అది తెగితే కాటరీతో కాల్చినకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, కుట్టు ఒక్కటే దారి. లోపల కుట్టు వేయడం చేతకాకపోతే అక్కడ ప్రయత్నించవద్దు. కాలేయపు ద్వారాన్ని బిగించే ప్రింగిల్ పద్ధతి 1908 నుంచి ఉన్నదే. ఒకసారికి 15 నిమిషాల దాకా బిగించి, వదిలి, మళ్లీ బిగించవచ్చు. బిగించినా రక్తం ఆగలేదంటే అది హెపాటిక్ సిరలనుంచి వస్తున్నదని అర్థం.

ఇతర ఆపరేషన్ల సంగతి క్లుప్తంగా. అపెండిక్స్ మీసో (దాన్ని పట్టి ఉంచే పొర)లోని ధమని జారిపోతే మొదలు పట్టుకునే దాకా సీకమ్‌ను లాగవద్దు. గర్భసంచి తీసేటప్పుడు గర్భాశయ ధమని కింద నుంచి మూత్రనాళం గర్భాశయ ముఖానికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది కనుక, నాళాన్ని గుర్తించకుండా అక్కడ కాటరీ వద్దు. హెర్నియాలో వీర్యవాహిక, వృషణ రక్తనాళాల మధ్య ఉన్న త్రికోణంలో ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ధమని, సిర ఉంటాయి. అక్కడ ట్యాకర్ (వలను బిగించే పరికరం) పెట్టడమే తప్పు.

మొదటి రంధ్రం, పోర్టు దారులు

అన్నిటికంటే భయంకరమైన రక్తస్రావం కెమెరా పెట్టకముందే జరుగుతుంది. బొడ్డు దగ్గరే మహాధమని రెండుగా చీలుతుంది. సన్నగా, కూలి పని చేసుకునే మనిషిలో చర్మం నుంచి దానికి కొన్ని సెంటీమీటర్ల దూరమే ఉంటుంది. అలాంటివారిలో హాసన్ 1971లో చూపిన తెరిచి పెట్టే పద్ధతినే నేను ఇష్టపడతాను. పొట్టలోకి గ్యాస్ పంపే వెరెస్ సూదిలో రక్తం వచ్చినా, పోర్టు పెట్టడానికి గుచ్చే ట్రోకార్ దించగానే బీపీ పడిపోయినా, కెమెరాలో పొట్ట పొడిగానే కనబడుతోందని నమ్మవద్దు, ఎందుకంటే రక్తం వెనుక పొరలో నిండుతూ ఉండవచ్చు. సూదిని గాని ట్రోకార్‌ను గాని బయటికి లాగకుండా, వెంటనే మధ్య గీత మీద పొట్ట తెరిచి, పిడికిలితో ధమనిని వెన్నెముకకు అదిమిపట్టాలి. రక్తం, రక్తనాళాలు తెలిసిన సర్జన్ వచ్చేదాకా ఆ చేయి కదపకూడదు. ఉబ్బిన గడ్డను తెరిచి చూసే సాహసం అసలే వద్దు.

పక్క పోర్టులు వేసేటప్పుడు బయటి నుంచి వెలుతురు పట్టి చూస్తే చర్మం కింది నాళాలు కనబడతాయి గాని, పొట్ట గోడ లోపలి కండరం వెనుక పోయే ఇన్‌ఫీరియర్ ఎపిగ్యాస్ట్రిక్ ధమని కనబడదు. దాన్ని లోపలి నుంచి కెమెరాతో చూసి తప్పించాలి. అది తెగితే పోర్టు ఉన్నంతసేపూ గొట్టమే నొక్కిపెట్టి మోసం చేస్తుంది, తీసిన తర్వాతే ధార కడుతుంది. అందుకే ప్రతి పోర్టునూ కెమెరాతో చూస్తూ తీయాలి. కారుతుంటే ఆ దారి గుండా ఫోలీ కాథెటర్ దించి, బుడగ నింపి, పైకి లాగి చర్మం దగ్గర క్లాంపు వేస్తే తాత్కాలికంగా ఆగుతుంది. తర్వాత సూచర్ పాసర్‌తో రంధ్రానికి పైనా కిందా పొట్ట గోడ మొత్తాన్నీ పట్టే కుట్లు వేయాలి.

ఎప్పుడు తెరవాలి

నా నియమం ఇది: 5 నిమిషాల చొప్పున రెండుసార్లు ఒత్తాక కూడా మూలం కనబడకపోతే తెరవాలి. బీపీ నిలవకపోతే, సక్షన్ ఆపగానే తెర నిండిపోతుంటే ఆ రెండోసారి కూడా ఆగకూడదు. రక్తం సంచులు గంట దూరంలో ఉన్న ఊళ్లో ఈ గీతను ఇంకా ముందుకు జరుపుకోవాలి. పెద్ద కేంద్రంలో నిపుణుడు లాపరోస్కోపీలోనే కుట్టి బయటపడగలిగిన చోట, మనం ముందే తెరవడం సబబే. ఈ హద్దును రక్తం చూశాక కాదు, పొద్దున చేతులు కడుక్కునేటప్పుడే మత్తు డాక్టరుతో మాట్లాడుకుని పెట్టుకోవాలి.

తెరిచేటప్పుడు ఒత్తుతున్న గ్రాస్పర్‌ను తీయవద్దు. అసిస్టెంటు తెర చూస్తూ ఒత్తి ఉంచగా, సర్జన్ కోత పెట్టి, తన చేయి ఆ చోటికి చేరాకే గ్రాస్పర్ తీయించాలి. పొట్ట తెరవగానే గ్యాస్ ఒత్తిడి పోయి రక్తం ఒక్కసారిగా పెరుగుతుంది. మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. రక్తం ఎక్కువగా పోతుంటే సెలైన్ మీద సెలైన్ ఎక్కించడం వల్ల ఉన్న రక్తం పలచబడి గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో వెళ్లాలి, కాల్షియం చూసుకోవాలి. ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రామును 10 నిమిషాల్లో ఇవ్వడం చాలామందికి మేలు చేస్తుంది. థియేటర్ ఏసీని కూడా ఆపించాలి. ఉక్కపోత తట్టుకోలేక మనం పెట్టుకునే చల్లదనం రోగి ఒంటి వేడిని 35 డిగ్రీల కిందికి దించితే రక్తం గడ్డకట్టదు.

బంధువులతో ఈ మాట ముందే అయి ఉండాలి. అంగీకార పత్రంలో వేలిముద్ర వేయించుకోవడం సరిపోదు. లేకపోతే బయట, "డాక్టరు గారూ, చిన్న రంధ్రాలే అన్నారు గదండీ, ఇంత కోత పడిందేమిటండీ?" అన్న ప్రశ్నకు మనం ఏం చెప్పినా సాకుగానే వినబడుతుంది. "అవసరమైతే పొట్ట కోస్తామండీ, అది ప్రాణం కోసమే" అని ముందు రోజు కూర్చోబెట్టి చెప్పిన కుటుంబం అలా అడగదు.

ముగించే ముందు, ఆ రాత్రి

గ్యాస్ ఒత్తిడి కింద సిరలు నోరు మూసుకుని ఉంటాయి. కనుక చివర్లో ఒత్తిడిని 8 దాకా దించి, బీపీ మామూలుకు వచ్చాక, కొన్ని నిమిషాలు ఆగి ఆపరేషన్ చోటును, కాలేయం పైభాగాన్ని, కటి గుంటను మళ్లీ చూడాలి. బల్లను సమం చేస్తే తలవైపో కాళ్లవైపో దాగిన రక్తం బయటికి వస్తుంది. డ్రెయిన్ పెట్టడం తప్పు కాదు గాని, దానిలో ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండరాదు. గడ్డ కట్టిన రక్తం గొట్టాన్ని మూసేస్తుంది.

రాత్రి డ్యూటీ నర్సు నాడిని గంటగంటకూ రాయాలి. వయసులో ఉన్నవారిలో బీపీ ఆఖరున గాని పడదు, నాడి ముందే పరిగెడుతుంది. భుజం నొప్పి గ్యాస్ వల్ల మామూలే. నాడి 110 దాటి, మూత్రం తగ్గి, కళ్ల కింద పాలిపోతే మాత్రం దాన్ని నొప్పి ఖాతాలో వేయకుండా సర్జన్‌ను నిద్రలేపాలి. మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ తగ్గదు కనుక ఆ రిపోర్టు చూసి ఊరట పడకుండా అల్ట్రాసౌండ్ చేయించాలి.

రెండో రోజు ఇంటికి పంపే పద్ధతి పట్టణంలో ఉండేవారికి సరిపోతుంది. లంకలోనో, చీకటి పడితే పంటు ఆగే రేవు అవతలో ఉన్న రోగిని, ముఖ్యంగా ఆపరేషన్‌లో రక్తం కారి ఆపవలసి వచ్చిన రోగిని, మరో రోజు అట్టే పెట్టుకోవాలి. పంపేటప్పుడు నల్లటి విరేచనం, కళ్లు తిరగడం, పొట్ట బిగదీయడం, పోర్టు దగ్గర నీలి మచ్చ పెరగడం అన్న నాలుగింటినీ తెలుగులో కాగితం మీద రాసి, థియేటర్ ఫోన్ నంబరుతో పాటు, ఇంట్లో చదవగలిగిన వారి చేతికి ఇవ్వాలి.